అంబత్త షోకులు

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున మా అంబత్తను చూడటానికి షోలాపూర్ బయటనున్న కుంభారి వెళ్లాను. అంబత్త మా నాన్నకు చెల్లెలు. ఎనభై దాటింది. వయసంతా షోలాపూర్ నేతవాళ్ల వాడల్లోనే బీడీలు చుట్టుకుంటూ బతికింది. బీడీ పనివాళ్లకూ నేతపనివాళ్లకూ కట్టించిన కొత్త కాలనీలో ఇప్పుడామెకు సొంత ఇల్లు వచ్చింది. హోట్గి రోడ్డులో ఉండే నాకు అదేమంత దూరం కాదు. అయినా ఆమె ఇల్లు మారిన మూడు నెలలకు గానీ వెళ్లలేకపోయాను. బస్సు దిగి చూస్తే ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు. నంబరు రాసుకున్న కాగితం ఇంట్లోనే మరిచిపోయాను. ఒకే వీధిలో రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాక ఒక గుమ్మానికి పాత చీరల అంచులు కత్తిరించి కుట్టిన తోరణం కనిపించింది. ఎర్ర అంచు, ఆకుపచ్చ అంచు, మళ్లీ ఎర్ర అంచు. ఎవరినీ అడగకుండానే లోపలికి వెళ్లాను. అంబత్త చాప మీద కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. తలెత్తి చూసి, ఎట్లా కనుక్కున్నావని కూడా అడగలేదు. కనుక్కోకుండా ఎట్లా ఉంటావన్నట్టు లేచి పొయ్యి మీద ఛాయకు పెట్టింది.

ఛాయ వచ్చింది. పింగాణీ కప్పులో, కింద సాసరుతో. ఆమెకొకటి, నాకొకటి. రెండు కప్పులూ ఒక జత కావు. ఒకదాని మీద నీలం పువ్వు, రెండోదానికి బంగారు గీత, అదీ సగం చెరిగింది. ఇంట్లో స్టీలు గ్లాసులున్నాయి కదా, ముసలితనంలో ఈ కప్పులు కడగడం, పగలకుండా చూసుకోవడం దేనికి అన్నాను. "సాసరు లేకుంటే ఛాయ తాగినట్టు ఉండదు బిడ్డా. మందు తాగినట్టుంటది," అంది. ఆ మాట వినగానే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. అమ్మ బతికుంటే ఈ జవాబుకు ఒకే ఒక్క మాట అనేది. షోకు.

మా ఇంట్లో షోకు అనేది తిట్టూ, మెప్పూ రెండూ. అమ్మ నోట వస్తే తిట్టు. అంబత్త నోట వస్తే మెప్పు. పనికొచ్చేది కాక దాని మీద ఇంకొంచెం ఏది చేసినా అమ్మకు అది షోకే. రొట్టెల మీద కప్పే గుడ్డకు అంబత్త అంచు కుడితే షోకు. స్నానానికి బొగ్గుల మీద కాగిన నీళ్లలో రెండు నిమ్మాకులు వేస్తే షోకు. అంబత్త మాత్రం ఏదైనా ముచ్చటగా కుదిరినప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని, "ఇగో, ఇది షోకు," అనేది. పంతొమ్మిదేళ్లకే భర్త పోతే అన్న ఇంటికి వచ్చేసిన మనిషి ఆమె. పూలు పెట్టుకోదు, బొట్టు పెట్టుకోదు, రంగుల గాజులు తొడుక్కోదు. ఆ రోజుల్లో వాడలో ఎవరైనా అంతే. తనకు వద్దన్నవాటి జోలికి పోకుండా, ఎవరూ వద్దనడానికి వీల్లేని చోట్లన్నీ వెతికి అక్కడ తన షోకులు పెట్టుకుందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అంత తెలియదు. మా అత్తకు ప్రతిదీ అందంగా ఉండాలి అనుకునేదాన్ని, అంతే.

మేం అప్పుడు అశోక్ చౌక్ వెనక సందుల్లో ఒక పొడవాటి వరస ఇళ్లలో ఉండేవాళ్లం. ఒక్కటే గది. ముందు తలుపు, మూడు వైపులా గోడలు. తలుపు మూస్తే పగలు కూడా దీపం పెట్టుకోవాలి. కరెంటుతో నడిచే మగ్గాలను మా వాళ్లు సాంచెలంటారు. పక్క సందులో పది పన్నెండు సాంచెలు పొద్దున మొదలుపెడితే గోడలు సన్నగా వణుకుతూనే ఉండేవి. గట్టిగా మాట్లాడటం మా వాడ అందరికీ అలవాటు. దూది పీచు గాలిలో తేలుతూ వచ్చి అన్నిటి మీదా వాలేది. కనుబొమ్మల మీద, పాల మీగడ మీద, దేవుడి పటం మీద. పొద్దున లేవగానే అమ్మ మొదటి పని తడిగుడ్డతో ఆ పీచు తుడవడం. అంబత్త మొదటి పని తునికాకు తడపడం. రాత్రి నానేసిన ఆకును తీసి గోనెపట్టాలో చుట్టి మూల పెడితే అడవిలో వాన పడ్డప్పటి వాసన వచ్చేదని బాపు అనేవాడు. మేం నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. నేను అడవి చూడలేదు. నాకు అడవి అంటే మా ఇంటి మూలనున్న ఆ గోనెపట్టానే.

పనులన్నీ అయ్యాక అంబత్త గుమ్మంలో కూర్చునేది. ఒడిలో చాట, చాటలో ఒకవైపు కత్తిరించిన ఆకు, ఒకవైపు తంబాకు. ఆమె వేళ్లు చుట్టడం నేనెన్నడూ సరిగా చూడలేకపోయాను, అంత వేగం. ఆకు పట్టుకున్నట్టు కనిపించేది, అంతలోనే బీడీ అయిపోయి దారం చుట్టుకుని పడేది. కళ్లు మాత్రం బీడీ మీద ఉండేవి కావు, వీధిలో ఉండేవి. ఇంటి మొత్తానికి వెలుతురొచ్చే చోటు ఆ గుమ్మం ఒక్కటే గనుక అందరికీ అదే కావాలి. అమ్మ బియ్యం ఏరడానికి అక్కడికే రావాలి. నేను పలక పట్టుకుని అక్కడికే రావాలి. నడిచేవాళ్లకు అడ్డమని అమ్మ రోజుకు నాలుగుసార్లు అంబత్తను పక్కకు జరిపేది. జరిగినప్పుడల్లా అంబత్త ఒకే మాట అనేది, ఈ ఇంటికి ఇంకో కన్ను ఉంటే ఎంత బాగుండేదని. అమ్మ విననట్టే ఉండేది.

ఒక షోకు మాత్రం అంబత్త పైకి చెప్పుకున్నది. రేడియో కొనాలి. బీడీల మీద వచ్చిన దాంట్లో ఇంటికి ఇచ్చింది పోగా మిగిలింది దాని కోసం దాచుకుంటోందని వాడంతా తెలుసు. ఆ రేడియో ఎక్కడ పెట్టాలో, దాని మీద కప్పడానికి ఏ రంగు గుడ్డ కుట్టాలో కూడా నాతో కూర్చుని ఖాయం చేసింది. ఆకుపచ్చ గుడ్డ. అంచున పసుపు దారం.

ఆ యేడు వానలు మొదలయ్యే ముందు బాపు చెయ్యి సాంచెలో పడింది. నడుస్తున్న సాంచెలో తెగిన పోగు అందుకోబోతే అంగీ చెయ్యి సాంచెను తిప్పే పట్టాకు చిక్కుకుని, కుడిచేతి రెండు వేళ్లు పోయాయి, మిగతావి ముడుచుకుపోయాయి. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉండి ఇంటికొచ్చాడు. గాయం మానింది. కానీ నేతపనివాడికి చెయ్యి అంటే పట్టు ఒక్కటే కాదు. తెగిన పోగును రెండు వేళ్లతో అందుకుని రెప్పపాటులో ముడి వేయాలి. బాపు ఆ ముడికి వాడలో పేరున్నవాడు. ఒకరోజు అమ్మ చీర నుంచి ఊడిన దారం తీసుకుని, అందరూ పనుల్లో ఉన్నారనుకుని, ముడి వేయడానికి చాలాసేపు ప్రయత్నించాడు. నేను చూశాను. తర్వాత ఆ దారం నేల మీద పడేసి, వెనకగోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అట్లా పడుకున్న మనిషి లేవలేదు. అన్నానికి లేపితే లేచేవాడు, రెండు ముద్దలు తిని మళ్లీ గోడ వైపే తిరిగేవాడు. ఎవరైనా చూడటానికొస్తే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాడు. వారాలు గడిచాయి. బాపు గడ్డం పెరిగింది. అమ్మ కూడా చాట పట్టి బీడీలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమెకు వేళ్లు తిరగక, చుట్టినవి కార్ఖానాలో సగం తిప్పికొట్టేవాళ్లు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. బడి నుంచి వచ్చి బాపు వీపు చూసి, ఊపిరి తీస్తున్నాడో లేదో అని ఆగి చూసుకోవడం అలవాటైపోయింది. అమ్మ కూడా అదే చేస్తోందని ఒకసారి గమనించాను. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఒక పొద్దున అంబత్త బీడీలు అప్పజెప్పి వస్తూ ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చింది. వెనకగోడకు కిటికీ పెట్టిస్తానంది. ఇంటి మాలక్‌ను అంతకు ముందురోజే అడిగిందట. గోడ కూలితే మళ్లీ కట్టించాలి, అందుకు ఒప్పుకుంటే నీ ఇష్టం అన్నాడట. రేడియో కోసం దాచుకున్నదంతా మేస్త్రీ చేతిలో పెట్టింది. పాతకాలపు వాడా ఇల్లు ఒకటి పడగొడుతుంటే అక్కడ దొరికిన కిటికీ చట్రం బండి మీద బయటే ఉంది. నీలం రంగు పెచ్చులూడిపోయి, నాలుగు ఇనుప కడ్డీలతో. అమ్మకు కోపం వచ్చింది. ఇంట్లో ఇట్లాంటి రోజుల్లో ఆ డబ్బుతో ఇంకెన్ని పనులున్నాయో ఆమె లెక్క ఆమెకుంది.

"గోడకు బొక్క పెడితె ఇంట్లకు ఏమొస్తది? దుమ్మొస్తది," అంది.

"దుమ్ము ఇప్పుడు కూడ వస్తనే ఉన్నది వదినె," అంది అంబత్త. "దాని ఎంబడి జర వెలుతురు కూడ రానీ. అన్న ఎన్నొద్దులు ఆ గోడను చూస్తడు?"

అన్న పేరు ఎత్తేసరికి అమ్మ లేచింది. చీర చెంగు మూతికి కట్టుకుని గిన్నెలన్నీ బయటకు మోసింది. బాపును మంచంతో సహా జరపాల్సి వచ్చింది. ఇన్ని వారాల్లో మొదటిసారి నోరు తెరిచి, ఎందుకు పగలగొడుతున్నారని అడిగాడు. మేస్త్రీ సుత్తి చప్పుడులో ఆ ప్రశ్న మునిగిపోయింది. సున్నం పెళ్లలు రాలాయి, తర్వాత ఇటుకలు. ఒక ఇటుక అవతల వైపుకు పడింది. ఆ కంతలోంచి ఒక ఎండ కడ్డీ నేరుగా గదిలోకొచ్చి మా గింజల డబ్బాల మీద పడింది. ఆ డబ్బాలు ఆకుపచ్చవని నాకప్పుడే తెలిసింది. అన్నాళ్లూ నల్లవనుకున్నాను.

మా వెనకగోడ అవతల ఉన్నది నూలుకు రంగులద్దే కార్ఖానా పెరడు. అది ఉందని మాకు తెలుసు. వాసన తెలుసు, ఆవిరి పట్టిన సోడా వాసన. మోరీలో పారే నీళ్ల రంగు చూసి ఈ రోజు ఎరుపు, ఈ రోజు నీలం అని పిల్లలం పందెం వేసుకునేవాళ్లం. కానీ గోడకు ఆనుకుని అన్నేళ్లు బతికినా మా ఇంట్లో ఎవరూ ఆ పెరటిని చూడలేదు. బీడీ కార్ఖానాకు పోయే దారిలో దాని గేటు ఉండటం వల్ల అంబత్త ఒక్కతే చూసింది. కిటికీ పూర్తయ్యాక నన్ను ఎత్తి కడ్డీల దగ్గర నిలబెట్టింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెదురు దండేలు. వాటి మీద లడీలు, అంటే నూలు చుట్టలు, వందల లడీలు, బారులు బారులుగా ఆరుతున్నాయి. ఒక వరస పసుపు, ఒక వరస కుంకుమ రంగు, దాని వెనక పచ్చ, అన్నిటికీ వెనక నీలం. గాలి వస్తే ఒక వరస తర్వాత ఒక వరస కదిలేది. నేను చాలాసేపు దిగనన్నాను. బాపు మాత్రం వెలుగు పడగానే ఇటు వైపు తిరిగేశాడు. ఇప్పుడు కిటికీకి వీపు పెట్టి, తలుపు వైపు చూస్తూ కళ్లు మూసుకుని పడుకున్నాడు. అమ్మ ఆ రోజు అంబత్తను ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాట.

నాలుగైదు రోజులు అట్లాగే గడిచాయి. పెరట్లో పనివాళ్లు తడి లడీలను రెండు చేతులతో పట్టుకుని దులిపితే ఫట్ ఫట్‌మని చప్పుడొచ్చేది. ఆ చప్పుడు నేతపనివాడు వినకుండా ఉండలేడు. ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి బాపు మంచం మీద మోచేతి మీద లేచి కిటికీలోంచి చూస్తున్నాడు. అంబత్త గుమ్మంలో బీడీలు చుట్టుకుంటోంది. ఆమెతో అన్నాడో, తనలో తాను అనుకున్నాడో గానీ, ఆ పసుపు మచ్చలు పడింది అన్నాడు. అంబత్త వేళ్లు ఆగలేదు. తనకైతే బాగానే కనిపిస్తోందంది. బాగానే కనిపించడమేంటి, నడుమ దండెం మీద మూడో లడీ నుంచి చూడు, సగం దాకా పాలిపోయింది, దాంతో నేస్తే గుడ్డ మీద చారలు పడతాయి అన్నాడు. అంత పొడవు మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. చాలా ఏళ్ల కింద సిరిసిల్ల దగ్గర సొంత ఊళ్లో ఉన్నప్పుడు మా తాత ఇంట్లోనే నూలుకు రంగులేసేవాడనీ, ఆ కుండల దగ్గరే బాపు పెరిగాడనీ అంబత్త నాకు ఆ సాయంత్రం చెప్పింది.

మర్నాడూ అదే. ఎరుపు చూసి పచ్చిగా ఉందన్నాడు. మూడోరోజు ఇక ఉండబట్టలేక లేచి నిలబడి, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, పెరట్లో ఉన్న పెద్ద రంగులాయనను కేకేసి పిలిచాడు. ఆయన పేరు ఇస్తారి. బాపు కంటే పాతికేళ్లు పెద్ద, బక్క మనిషి, మోచేతుల దాకా రంగు. ఆ లడీలు మళ్లీ ముంచకపోతే నేతగాళ్లు తిప్పి పంపుతారని బాపు చెప్పాడు. ఇస్తారి మామకు ఎంత కోపం వచ్చిందంటే, నువ్వు పుట్టకముందు నుంచి రంగులేస్తున్నా, మంచంలో పడుకున్నవాడివి నాకు చెప్తావా అని అందరూ వినేలా అరిచి వెళ్లిపోయాడు. మంచంలో పడుకున్నవాడు అన్న మాట బాపుకు తగిలింది. ఆ రోజు సాయంత్రం బయట అరుగు మీద కూర్చుని గడ్డం గీయించుకున్నాడు. అమ్మ అద్దం పట్టుకుంది. అద్దం నిటారుగా పట్టుకోమని బాపు విసుక్కుంటే, ఆమె కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అట్లాగే ఉండిపోయింది.

రెండు రోజులకు, పనివాళ్లంతా తిండికి వెళ్లిన వేళ, ఇస్తారి మామ ఒక్కడే కిటికీ దగ్గరకు వచ్చాడు. రెండు చేతుల్లో రెండు లడీలు. నేను కింద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. ఆయన నన్ను చూడలేదు.

"రాజమల్లూ, ఇవి రెండు ఒక్క తీర్గనే ఉన్నయా?" అని మెల్లగా అడిగాడు.

బాపు చూశాడు. "లేవు మామా. ఎడమ చేతిలది నీలం. కుడి చేతిలది ఆకుపచ్చ."

ఇస్తారి మామ లడీలు రెండూ కిందికి దించాడు. తర్వాత కడ్డీల మీద నుదురు ఆనించాడు. "నా కండ్లకు పొర కమ్ముతున్నది," అన్నాడు. "రెండేండ్ల సంది అందాజ మీద ముంచుతున్న. మాలక్‌కు ఎరుకైతె రేపే ఇంటికి పొమ్మంటడు. ఇంట్ల ఆరుగురం ఉన్నం."

బాపు ఏం ఓదార్చలేదు. "రేపటి సంది లడీలు ఇటు దిక్కు ఆరెయ్యి మామా," అన్నాడు. "తడి మీద ఏ రంగైనా మంచిగనే ఉంటది. ఆరినంక నేను చెప్త."

మర్నాటి నుంచి దండేలు మా కిటికీ వైపుకు జరిగాయి. రోజూ మధ్యాహ్నం ఇస్తారి మామ ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి కిటికీ కింద బీడీ ముట్టించుకునేవాడు. బాపు లోపలి నుంచి, ఆ కుంకుమ రంగు ఇంకోసారి ముంచమంటోందనో, ఆ నీలం సరిపోయిందనో చెప్పేవాడు. మొదట ఇది వాళ్లిద్దరికే తెలుసు, తర్వాత మా ఇంటికి తెలిసింది. మేమెవరం బయట పెట్టలేదు. కొన్ని నెలలకు ఇస్తారి మామే మాలక్‌తో మాట్లాడి, రంగు చూసే కన్నున్న మనిషి ఒకడున్నాడని బాపును లోపలికి తీసుకెళ్లాడు. చెయ్యి ముంచేది ఆయన, చాలు అని చెప్పేది బాపు. అట్లా ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు ఏళ్లపాటు పని చేశారు. ఇస్తారి మామ మానేశాక కూడా బాపు అక్కడే, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం చేశాడు. సాంచె దగ్గర ఉన్నప్పటికంటే అక్కడే ఆయన నవ్వుతూ ఇంటికొచ్చేవాడని అమ్మ తర్వాత ఎప్పుడో అంది.

పనిలోంచి వస్తూ బాపు అంగీ జేబులో ఆ రోజు రంగు పోగులు గుప్పెడు తెచ్చేవాడు, తుంపులు, దేనికీ పనికిరానివి. అంబత్త వాటిని మూడు పాయలుగా అల్లి నా జడలకు రిబ్బన్లు చేసేది. బడిలో నా అన్ని రంగుల రిబ్బన్లు ఇంకెవరికీ లేవు. మరాఠీ అమ్మాయిలు ఎక్కడ కొన్నావని అడిగితే, కొనలేదు, మా ఇంట్లో పండుతాయని చెప్పాను. రేడియో కూడా వచ్చింది, ఒక రకంగా. రంగుల కార్ఖానాలో ఎవరో మధ్యాహ్నాలు రేడియో పెట్టేవాళ్లు. కిటికీలోంచి పాట సగం వినిపించేది, సగం సాంచెలు మింగేసేవి. అంబత్త ఆ మింగేసిన సగాన్ని తనకు తోచిన మాటలతో నింపి పాడుకునేది.

అమ్మ మాత్రం ఆ కిటికీ బాగుందని ఎన్నడూ అనలేదు. దాని గడపను రోజూ తుడిచేది, దుమ్ము అని రోజూ గొణిగేది. ఒకరోజు బడికి తొందరగా సెలవిచ్చారు. ఇంటికొచ్చి తలుపు తోశాను. అమ్మ తలంటు పోసుకుని జుట్టంతా విప్పి కిటికీలో కూర్చుని ఉంది. ఎండలో ఆమె జుట్టు ఎర్రగా మెరుస్తోంది. కళ్లు మూసుకుని, రేడియో పాటకు ఒక వేలితో గడప మీద తాళం వేస్తోంది. మా అమ్మ అందగత్తె అని అప్పటిదాకా నాకు తెలియదు. చప్పుడు చేయకుండా తలుపు దగ్గరకు లాగి, వీధి చివరి దాకా వెళ్లి, గట్టిగా అరుస్తూ మళ్లీ వచ్చాను. అప్పటికి ఆమె జుట్టు ముడి పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

ఇదంతా ఆ ఆదివారం కుంభారిలో ఛాయ తాగుతూ అంబత్తకు గుర్తు చేశాను. బాపును మళ్లీ మనిషిని చేసింది నువ్వే అన్నాను. చాలా ఏళ్లుగా మనసులో ఉన్న మాట. అమ్మా, బాపూ ఇద్దరూ పోయాక చెప్పడానికి ఆమె ఒక్కతే మిగిలింది. అంబత్త సాసరు కింద పెట్టి కాసేపు నా వైపు చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు.

"అట్లేం లేదు బిడ్డా," అంది. "కిటికీ నాకే కావాల్సి ఉండె. ఆ గేటు ముందల్నుంచి పోయినప్పుడల్లా ఆ రంగులు జూసి నిలబడిపోతుంటి. ఇంట్ల కూసోని చూస్తె ఎట్లుంటదో అని మస్తు ఆశ ఉండె. అన్న పేరు చెప్తె వదినె వద్దనదని చెప్పిన. అన్న లేస్తడని నాకేం ఎరుక?"

నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లూ నేను ఆమెను త్యాగమూర్తిని చేసి చెప్పుకున్నాను. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు కూడా ఈ కథ అట్లాగే చెప్పాను. తన కోసం ఏమీ ఉంచుకోని మనిషి అని. కానీ ఆమె తన కోసం అడిగింది. ఒక గదిలో నలుగురం ఇరుక్కుని, తినేది ఎక్కడి నుంచి వస్తుందో తెలియని రోజుల్లో, కూర్చుని చూడటానికి కాస్త రంగు కావాలని అడిగింది. దాన్ని దక్కించుకోవడానికి ఒక చిన్న అబద్ధం కూడా ఆడింది. ఆమె అంత ఆశపడి ఉండకపోతే మా బాపు ఆ గోడ వైపే తిరిగి ఎన్నాళ్లుండేవాడో. నాకు ఇప్పుడు హోట్గి రోడ్డులో మూడు గదులు, ఏడు కిటికీలు. ఎండకు సామాను పాడవుతుందని అన్నిటికీ మందపాటి తెరలు. అల్మరాలో మంచి దుప్పట్లు మడత విప్పకుండా ఉన్నాయి, ఎవరైనా వస్తే పరచడానికి. వచ్చేవాళ్లు వచ్చి వెళ్తూనే ఉన్నారు. అమ్మ పొదుపు నాకొచ్చింది. అవసరం పోయినా అలవాటు పోలేదు. కొత్త కాలనీలో అంబత్తకు కూడా కష్టాలున్నాయి. ఊరికి దూరం, బస్సు కోసం ఎండలో నిలబడాలి, పాత వాడ మనుషులు చెదిరిపోయారు, సాంచెల చప్పుడు లేక మొదట్లో చెవులు గుయ్యిమనేవట. అన్నీ చెప్పింది. చెప్పి, సాయంకాలం ఇక్కడ గాలి బాగుంటుందని కూడా చెప్పింది.

మాట్లాడుతుండగానే పక్కింటి కోడలు సావిత్రి గిన్నెలో నూరిన గోరింటాకు తెచ్చింది. ఆషాఢం కదా, ఎవరి పెరట్లోదో ఆకు దొరికిందట, రుబ్బి వాడలో ఆడవాళ్లందరికీ పంచుతోంది. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో చందమామ పెట్టి, వేళ్లకు టోపీలు తొడిగింది. ఆకు చల్లగా ఉంది. పెట్టడమయ్యాక గిన్నె తీసుకుని లేవబోయింది. అంబత్తను అడగలేదు. అడగకూడదని ఆ పిల్లకు ఎవరో నేర్పి ఉంటారు. నేనూ నా అరచేతి వైపు తల దించుకున్నాను. అంబత్తే రెండు చేతులూ చాపింది.

సావిత్రి తడబడి నా ముఖం చూసింది. పెద్దవాళ్లు ఏమంటారో అని గొణిగింది.

"ఇగ నాకంటె పెద్దోళ్లు ఎవలున్నరు పిల్లా," అంది అంబత్త. "అసూ దే, కానియ్యి, పెట్టు. ఇన్నేండ్లు తంబాకు పట్టిన చేతులే. ఒక్కనాడు గోరింటాకు పడితె ఏమయితది?"

సావిత్రి కూర్చుంది. అరవై ఏళ్లు దాటిపోయి ఉంటుంది ఆ చేతులకు గోరింటాకు పడి. వేళ్ల కొసలు తంబాకుకు గోధుమరంగు తిరిగి, బొటనవేలి పక్కన దారం కోసి కోసి గీత పడి ఉంది. ఆ పిల్ల తొందరపడకుండా, గీతలన్నీ కప్పుతూ, నా చేతులకు పెట్టినదానికంటే నిండుగా పెట్టింది. ఇవి ఎర్రగా పండుతాయా అని అంబత్త అడిగింది. పండుతాయి, పాత చేతులకే బాగా పండుతుంది అంది సావిత్రి. అది నిజమో కాదో నాకు తెలియదు.

మధ్యాహ్నమైంది. రొట్టెలు అంబత్త పొద్దున్నే కాల్చి గుడ్డ కప్పి పెట్టింది. నేను నా చేతులు కడిగేసుకున్నాను. నాకు పండింది చాలనుకున్నాను. అంబత్త కడగనంది. రెండు చేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని, ఆకు రాలకుండా వేళ్లు విడదీసి కూర్చుంది. నేను పళ్లెంలో జొన్నరొట్టె, పల్లీల చట్నీ, కొంచెం పెరుగు పెట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. చిన్నప్పుడు నాకు ఆమె తినిపించింది ఎన్నిసార్లో. నేను ఆమెకు తినిపించడం ఇదే మొదటిసారి. ముక్క తుంచి చట్నీలో అద్ది నోట్లో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని నమిలింది, మింగింది, చేతుల వైపు ఒకసారి చూసుకుంది. ఆపైన నోరు తెరిచి, "చట్నీ జర ఎక్కువ పెట్టు," అంది.